గట్టు గడ్డి మీది దోమనంతా సుడిదోమ అనవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

వరి పొట్ట దశ దాటి ఈనిక మొదలయ్యే సమయానికి మన పత్రికల వ్యవసాయ పేజీల్లో, వరి కాండం రసం పీల్చే చిన్న పురుగైన సుడిదోమ గురించి హెచ్చరికలు రావడం ఏటా జరిగేదే, జరగవలసినదే. ఆ హెచ్చరికలు చదివి సకాలంలో దుబ్బులు విడదీసి చూసుకుని పంట దక్కించుకున్న రైతులు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయితే ఆ వార్తల పక్కన అచ్చయ్యే ఫొటోల విషయంలోనూ, గట్ల మీదా కాలువ అంచుల్లోనూ ఉన్న గడ్డిలో దోమ కనిపిస్తే అక్కడ కూడా మందు కొట్టాలని వచ్చే సలహాల విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరమని మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను. గడ్డి మీద ఎగిరే గోధుమరంగు దోమలన్నీ సుడిదోమలు కావు. సుడిదోమకు అతి దగ్గరి చుట్టాలై, చూపుకు అచ్చం దానిలాగే ఉండి, వరి జోలికి రాని జాతులు కూడా ఉన్నాయి. కీటకశాస్త్రం చదివిన వారిలో సైతం కొద్దిమందికే పరిచయమున్న ఆ జాతులను ఎలా గుర్తించాలో, అవి ఎక్కడ బతుకుతాయో, వాటిని సుడిదోమగా లెక్కకడితే రైతుకు జరిగే నష్టమేమిటో చెప్పడం నా ఉద్దేశం. నేను కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. మా కుటుంబానిది గోదావరి డెల్టాలో వరి సాగు.

మనం సుడిదోమ అని, దోమపోటు అని పిలుచుకునే పురుగుకు శాస్త్రీయ నామం నీలపర్వత లూజెన్స్. జావా నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు స్టోల్ 1854లో దీన్ని మొదట వర్ణించాడు. నీలపర్వత అనే ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల సమూహాన్ని, 1906లో ఏర్పరచినవాడు డిస్టంట్. బ్రిటిష్ ఇండియా జంతుజాలం మీద వెలువడిన సంపుటాల్లో నల్లులు, దోమల వంటి రసం పీల్చే పురుగుల భాగాన్ని రాసినవాడు ఆయనే. ఈ ప్రజాతిలో సుడిదోమ ఒక్కటే లేదు. ఆసియా వరి ప్రాంతాల్లో దీనితో కలిపి ప్రస్తావించే మరో రెండు జాతులున్నాయి. ఒకటి నీలపర్వత బేకరి, రెండోది నీలపర్వత ముయిరి. ఈ రెండూ వరి మీద కాక, వరికి చుట్టమైన ఒక గడ్డి మీద బతుకుతాయి. వాటిని వెతకాలంటే ముందు ఆ గడ్డిని గుర్తుపట్టాలి కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ఆ గడ్డి పేరు లీర్సియా. మన వంటి ఉష్ణదేశాల్లో పెరిగేది లీర్సియా హెక్సాండ్రా. వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని వరి ఉండే తెగలోనే చేర్చారు. పంట కాలువల అంచున, మురుగు కాలువల్లో, చెరువు శిఖం భూముల్లో, ఎప్పుడూ తడి ఆరని గట్ల పక్కన ఇది అల్లుకుపోతుంది. కాండం నేల మీద పాకుతూ ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దింపుకుంటుంది. దూరం నుంచి చూస్తే సన్నపాటి వరి మొక్కేమో అనిపిస్తుంది, దగ్గరికి వెళ్లి చేత్తో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. ఆకు అంచులు గరుకుగా ఉండి, చివరి నుంచి మొదలు వైపుకు వేలు నడిపితే చర్మం గీసుకుపోతుంది. ఆకు తొడిమను కిందికి లాగి కణుపును చూస్తే దాని చుట్టూ తెల్లటి పొట్టి నూగు దట్టంగా ఉంటుంది. వరి కణుపు నున్నగా ఉంటుంది. వెన్ను తీసినప్పుడు గింజ చిన్నదిగా, నొక్కినట్టు చదునుగా ఉండి, వరి గింజ అడుగున రెండు చిన్న పొట్టు ముక్కలు కనిపించే చోట దీనికి ఏమీ కనిపించదు. పువ్వు విచ్చుకున్నప్పుడు లెక్కపెడితే వరికి ఉన్నట్టే ఆరు కేసరాలుంటాయి. పశువులు దీన్ని మేస్తాయి. ఇంతకు మించి మన రైతులు దీన్ని ప్రత్యేకంగా పట్టించుకోరు, గట్టు గడ్డిలో గడ్డిగానే చూస్తారు. కణుపు దగ్గరి తెల్ల నూగు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, పొలానికి వెళ్లినవారెవరైనా ఈ గడ్డిని పోల్చుకోగలరు.

ఇక దాని మీది పురుగు సంగతి. వరి దుబ్బులో సుడిదోమ ఎలా మసలుతుందో రైతులకు తెలుసు. నీటి మట్టానికి కాస్త పైన, కాండం మొదలు చుట్టూ గుంపుగా చేరి, దుబ్బును తట్టగానే కొన్ని నీళ్లలో పడి, నీటి మీదే గెంతుతూ తిరిగి కాండాన్ని పట్టుకుంటాయి. మనం ఒక వైపు నుంచి చూస్తే కాండం చుట్టూ పక్కకు నడిచి అవతలి వైపుకు చేరతాయి. లీర్సియా మీది చుట్టాలు కూడా అదే రంగులో, దాదాపు అదే పరిమాణంలో, మూడు నాలుగు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, తడి నేలకు దగ్గరగా కాండం మీద కనిపిస్తాయి. వీటిలోనూ పొడవు రెక్కలవీ పొట్టి రెక్కలవీ ఉంటాయి. మామూలు కంటితో చూసి ఫలానా జాతి అని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. సెల్ ఫోనుతో తీసిన ఫొటోను చూసి చెప్పడం కూడా సాధ్యం కాదు. అందుకే ఫొటో కింద సుడిదోమ అని నిశ్చయంగా రాసినప్పుడల్లా నాకు ఆందోళన కలుగుతుంది.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే గుర్తింపులో సగం దూరం వెళ్లవచ్చు. మొదట చూడవలసింది మీసాలను. వరి రసం పీల్చే మరో కుటుంబపు పురుగులైన పచ్చదోమల మీసాలు కళ్ల మధ్య, ముఖం ముందు భాగంలో సన్నని వెంట్రుకల్లా ఉంటాయి. సుడిదోమ కుటుంబానికి చెందిన వాటికి మీసం కంటికి దిగువన మొలుస్తుంది, మొదట్లో లావుగా ఉండి, కొసన మాత్రం వెంట్రుకలా సాగుతుంది. తరువాత వెనక కాలు చూడాలి. పచ్చదోమ వెనక కాలి పొడవునా వరుసలు తీరిన ముళ్లుంటాయి. సుడిదోమ కుటుంబంలో ఆ వరుసలు ఉండవు, ఒకటి రెండు ముళ్లు మాత్రమే కనిపిస్తాయి. వాటికి బదులు పిక్క భాగం చివర, పాదం మొదలయ్యే చోట, అటూ ఇటూ కదిలే ఆకు వంటి పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. ఈ కదిలే ముల్లు కనిపిస్తే పురుగు సుడిదోమ కుటుంబమైన డెల్ఫాసిడేకు చెందినదని తేలిపోతుంది. వీపు నడిమిన తెల్లని పట్టీ ఉంటే అది చాలావరకు తెల్లవీపు దోమ. పట్టీ లేకుండా గోధుమరంగులో ఉంటే ఇంకొక్క మెట్టు దిగాలి, అంటే వెనక పాదంలోని మొదటి కణుపు పక్కన చూడాలి. అక్కడ చిన్న చిన్న ముళ్లు ఉంటే అది నీలపర్వత ప్రజాతి. ఈ ముళ్లు అతి చిన్నవి కాబట్టి కళాశాల ప్రయోగశాలలో ఉండే సూక్ష్మదర్శిని అవసరమవుతుంది.

ప్రజాతి వరకే ఈ దారి మనల్ని తీసుకువెళ్తుంది. లూజెన్స్ ఏది, బేకరి ఏది, ముయిరి ఏది అని తేల్చాలంటే మగ పురుగు ఉండితీరాలి. దాని పొట్ట చివరి భాగాన్ని విప్పి, సంపర్క సమయంలో ఆడదాన్ని పట్టుకోవడానికి ఉపయోగపడే కొక్కేల వంటి అవయవాల ఆకారాన్ని చూడాలి. మూడు జాతులకూ ఆ కొక్కేల వంపు, కొసల తీరు వేరువేరుగా ఉంటాయి. ఆడ పురుగులను, పిల్ల పురుగులను ముందు పెట్టుకుని జాతి చెప్పడం నిపుణులకు కూడా కత్తి మీద సామే. వ్యవసాయ పేజీలకు వచ్చే ఫొటోల్లో ఎక్కువగా కనిపించేవి పొట్టి రెక్కల ఆడ పురుగులూ, రెక్కలు రాని పిల్ల పురుగులూ కావడం గమనించాలి. అటువంటప్పుడు ఫొటో పంపినవారు ఆ పురుగు ఏ మొక్క మీద కూర్చుని ఉందో చెప్పగలిగితే, ఆ ఒక్క మాటకు పురుగు రంగు, ఆకారం కంటే ఎక్కువ విలువ ఉంటుంది. వరి కాండం మీద పిల్లా తల్లీ కలిసి గుంపుగా ఉంటే అది సుడిదోమ అని నమ్మడానికి బలమైన ఆధారముంది. కణుపుల దగ్గర తెల్ల నూగున్న గడ్డి మీద అదే దృశ్యం కనిపిస్తే అనుమానించడానికి అంతే బలమైన ఆధారముంది.

ఈ విషయంలో శాస్త్రజ్ఞులు ఎంత లోతుకు వెళ్లవలసి వచ్చిందో ఒక ఉదాహరణ చెబుతాను. 1980ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు లీర్సియా గడ్డి మీద దోమలను పరిశీలించినప్పుడు, అవయవ నిర్మాణాన్ని బట్టి చూస్తే అవి నీలపర్వత లూజెన్స్‌గానే తేలాయి. అంటే బేకరి కాదు, ముయిరి కాదు, సాక్షాత్తూ సుడిదోమే. అయినా ఆ గడ్డి మీద పెరిగిన వాటిని వరి మీద వదిలితే సరిగా బతకలేదు, వరి మీది వాటిని గడ్డి మీద వదిలినా అంతే. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లారిడ్జ్, ఆయన సహచరులు ఈ రెండు గుంపుల జతకట్టే తీరును పరిశీలించారు. ఈ పురుగులు మన చెవికి వినిపించే కూత కూయవు. పొట్టను ఆడిస్తూ కాండాన్ని కంపింపజేస్తాయి. ఆ కంపనం మొక్క గుండా ప్రయాణించి, ఇంకో చోట కూర్చున్న పురుగు కాళ్లకు అందుతుంది. మగది పంపిన సంకేతానికి ఆడది బదులిస్తుంది, ఆ బదులును పట్టుకుని మగది వెతుక్కుంటూ వస్తుంది. వరి మీది గుంపుకూ గడ్డి మీది గుంపుకూ ఈ కంపనాల వేగంలో తేడా ఉన్నట్టు వారు నమోదు చేశారు. ప్రయోగశాలలో బలవంతాన కలిపితే రెండింటికీ సంతానం కలిగింది, ఆ సంతానానికీ సంతానం కలిగింది. ఎంచుకునే అవకాశం ఇచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా తమ గుంపులోని వాటితోనే జతకట్టాయి. 1985లో వెలువడిన ఆ పరిశోధన, వీటిని ఒకే జాతిలోని రెండు శాఖలుగా చూడాలా, విడి జాతులుగా చూడాలా అనే ప్రశ్ననే ముందుకు తెచ్చింది. సూక్ష్మదర్శిని కింద కూడా తేడా తెలియని రెండు గుంపులను వేరు చేసినది అవి ఉండే మొక్కే. ఒక పురుగు చిరునామా దాని ఒంటి మీది గుర్తులతో సమానమైన ఆధారమని నేను విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ పరిశోధననే చూపించేదాన్ని.

ఇదంతా శాస్త్రజ్ఞులకు సంబంధించిన సూక్ష్మాలు, గట్టు మీద ఏ దోమ ఉంటే రైతుకేమిటని అనిపించవచ్చు. రైతుకు చాలా ఉంది. సుడిదోమ గుడ్లను తినేవాటిలో, వాటిలో తన గుడ్డు పెట్టేవాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది పచ్చ మిరిడ్ నల్లి. నల్లని తల, పచ్చని ఒళ్లు ఉన్న ఈ సన్నని పురుగు సుడిదోమ గుడ్లను, చిన్న పిల్లలను పీల్చి చంపుతుంది. రాత్రి దీపాల దగ్గరికి దోమలతో పాటు ఇది కూడా వస్తుంది, పాపం దోమల లెక్కలోనే పోతుంది. రెండోది అనాగ్రస్ అనే కందిరీగ జాతి పురుగు. కందిరీగ అన్నానని పెద్దదిగా ఊహించుకోవద్దు, ఇది మిల్లీమీటరు కూడా ఉండదు. సుడిదోమ ఆకు తొడిమను చీల్చి లోపల వరుసగా గుడ్లు పెడుతుంది. అనాగ్రస్ ఆ తొడిమ పైనుంచే తన సూదిని దింపి దోమ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల దోమ గుడ్డును లోపలి నుంచి తినేసి బయటికి వస్తుంది. తొడిమను చీల్చి భూతద్దంతో చూస్తే మామూలు గుడ్లు తెల్లగా అరటిపండు ఆకారంలో కనిపిస్తాయి, అనాగ్రస్ పట్టిన గుడ్లు నారింజ రంగుకు, ఎరుపుకు తిరిగి ఉంటాయి. ఒక్కసారి ఇది చూసిన రైతు తన పొలంలో ఎవరు ఎవరి పక్షాన పనిచేస్తున్నారో మళ్లీ మరచిపోడు.

ఈ అనాగ్రస్‌కు ఏడాది పొడవునా దోమ గుడ్లు కావాలి. వరి కోసేసిన తరువాత, కొత్త నాట్లలో దోమ ఇంకా చేరని రోజుల్లో, దానికి ఆశ్రయమిచ్చేవి గట్ల మీది గడ్లలో ఉండే దోమల గుడ్లే. చైనాలో జెజియాంగ్ ప్రాంత శాస్త్రజ్ఞులు ఈ సంగతినే పద్ధతిగా మలిచారు. వరి పొలాల పక్కన లీర్సియా సాయనుకా అనే గడ్డిని ఉంచి, దాని మీద నీలపర్వత ముయిరిని పెరగనిచ్చి, వరి మీద బతకలేని ఆ దోమ గుడ్లలో అనాగ్రస్ వృద్ధి చెందేలా చేసి, అక్కడి నుంచి అది వరిలోని సుడిదోమ గుడ్ల మీదికి వెళ్లేలా చూశారు. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంతకు ముందు 2016లో చైనా, థాయ్‌లాండ్, వియత్నాం దేశాల్లో గట్ల మీద నువ్వు వంటి తేనె పూల మొక్కలు పెంచి చేసిన పరిశీలనల్లో పురుగుమందుల వాడకం 70 శాతం తగ్గి, దిగుబడి 5 శాతం పెరిగినట్టు ప్రకటించారు. గట్టు మీద మనం వద్దనుకునే ప్రతిదీ పొలానికి శత్రువని భావించడం ఎంత ఖరీదైన అలవాటో ఈ రెండు అనుభవాలు చూపుతున్నాయి. పేరు తెలియని గడ్డి మీది పేరు తెలియని దోమను సుడిదోమ అనుకుని గట్టు పొడవునా మందు కొట్టిన రైతు, తన డబ్బుతో తన పొలం కావలివాళ్లను పంపించేసినట్టే అవుతుంది.

అలాగని లీర్సియాను తెచ్చి గట్ల మీద నాటమని నేను చెప్పడం లేదు. అది అడ్డూ ఆపూ లేకుండా పాకే కలుపు. మడిలోకి దిగితే వరితో పోటీ పడుతుంది. పైగా వరి బ్యాక్టీరియా ఎండు తెగులును కలిగించే సూక్ష్మజీవికి లీర్సియా జాతి గడ్లు ఆశ్రయమిస్తాయని చాలా కాలంగా తెలిసినదే. ఎండు తెగులు ఉన్న పొలాల చుట్టూ దీన్ని కోసి పశువులకు వేయడమే మంచిది. నేను వద్దంటున్నది గడ్డి మందునూ, దోమ మందునూ. కొడవలితో కోసిన గడ్డి మళ్లీ చిగురిస్తుంది, మిరిడ్ నల్లులూ సాలీళ్లూ ఆ మొదళ్లలో నిలిచి ఉంటాయి.

సుడిదోమకు అసలైన ఆశ్రయం ఎక్కడుందో కూడా ఈ సందర్భంలో చెప్పాలి. ఈ పురుగు దాదాపుగా వరి మీదే ఆధారపడి బతుకుతుంది. కాబట్టి సార్వా (వానాకాలపు పంట) కోతకూ దాళ్వా (రెండో పంట) నాట్లకూ మధ్య అది దాక్కునే చోటు ప్రధానంగా కొయ్యకాళ్ల నుంచి వచ్చే పిలకలు, రాలిన గింజల నుంచి మొలిచిన వరి మొక్కలు, పక్క పొలంలో ఆలస్యంగా నాటిన చేను. గట్టు మీద మందు కొట్టే ఖర్చుతో కొయ్యకాళ్లను వెంటనే కలియదున్నించుకుంటే ఫలితం ఉంటుంది. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం, నత్రజనిని ఒక్కసారే కుమ్మరించకుండా విడతలుగా వేయడం, పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక తరువాత 20 నుంచి 25 దోమలు దాటినప్పుడే మందు గురించి ఆలోచించడం వంటివి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. దుబ్బుకు ఇన్ని అని లెక్కపెట్టడంలో అర్థం ఉండాలంటే ఆ లెక్క వరి దుబ్బులోనే జరగాలి. గట్టు గడ్డిని జల్లించి వచ్చిన దోమలను కూడా కలిపితే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

పొరపాటు మందుల చరిత్ర మనకు తెలియనిది కాదు. 1973-74లో కేరళ కుట్టనాడులో సుడిదోమ వేల ఎకరాల్లో వరిని తినేసిన నాటి నుంచి ఈ పురుగు దక్షిణాదిని వదలలేదు. ఆ 1973లోనే దోమను తట్టుకునే వరి రకంగా విడుదలైన ఐఆర్ 26 కొద్ది సంవత్సరాల్లోనే ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో దానికి లొంగిపోయింది. విచక్షణ లేని మందుల వల్ల మిత్ర పురుగులు చచ్చి దోమ రెట్టింపు బలంతో తిరిగి వస్తోందని గ్రహించి, ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వరిలో దోమను పెంచుతాయని మన శాస్త్రజ్ఞులూ హెచ్చరిస్తూనే ఉన్నారు. మారుటేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన విజేత, కాటన్ దొర సన్నాలు వంటి దోమను తట్టుకునే రకాలు మన రైతుకు ఎంతో మేలు చేశాయి. అటువంటి రకాల బలం ఎక్కువ కాలం నిలవాలన్నా మిత్ర పురుగుల తోడు కావాలి.

గుర్తింపు విషయంలో ఇంకొక సంగతి. చెట్టు కాండం మీద విచిత్రమైన ముక్కుతో కనిపించిన పురుగు ఫొటోను చూపి, ఇది అమెరికాను పట్టి పీడిస్తున్న లాంతర్ ఫ్లై, మన దగ్గరికి కూడా వచ్చేసిందని ఆందోళన పడేవారిని చూస్తున్నాను. అమెరికాలో 2014లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బర్క్స్ కౌంటీలో మొదట కనిపించి ద్రాక్ష తోటలకు బెడదగా మారిన చుక్కల లాంతర్ పురుగు, చైనా నుంచి వెళ్లిన లైకోర్మా డెలికాటులా. పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలు తమ పెరళ్లలో దాన్ని చూసి, ఫొటోలు ఇంటికి పంపుతుండటంతో ఆ పేరు మన ఊళ్లకూ చేరింది. దక్షిణ భారతంలో చెట్ల మొద్దుల మీద అప్పుడప్పుడు కనిపించే కాళిదాస లనాటా దానితో పాటు ఫుల్గోరిడే కుటుంబానికే చెందిన మన స్వదేశీ జాతి. 1773లోనే డ్రూరీ దాన్ని వర్ణించాడు, సంస్కృత మహాకవి పేరున ఆ ప్రజాతిని కిర్కాల్డీ 1900లో ఏర్పరిచాడు. దాని ముక్కు కొసన సన్నని కాడ వంటిది పైకి లేచి, తాకితే వంగేలా ఉంటుంది, ఒంటి మీద తెల్లని మైనపు నూగు ఉంటుంది. చుక్కల లాంతర్ పురుగుకు అటువంటి కాడ లేదు. ఈ ఒక్క గుర్తు తెలియక, ఎవరికీ హాని చేయని అరుదైన పురుగును విదేశీ చీడగా భావించి చంపేయడం న్యాయం కాదు. ఇక్కడ కూడా ఏ చెట్టు మీద కనిపించిందో రాసి పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే ఈ పురుగు మళ్లీ కనిపించాలంటే వెతకవలసింది ఆ చెట్టు దగ్గరే.

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. వ్యవసాయ పేజీలో దోమ ఫొటో వేసేటప్పుడు అది ఏ మొక్క మీద, మొక్కలో ఏ భాగం మీద, మడిలోనా గట్టునా కాలువ అంచునా, ఏ నెలలో తీసినదో కింద ఒక్క వాక్యం రాయండి. ఆ వివరాలు పంపని ఫొటోకు జాతి పేరు పెట్టకుండా దోమ జాతి పురుగు అని మాత్రమే వేయండి. రైతు పంపేటప్పుడు ఒకటి పురుగును దగ్గరగా, ఇంకొకటి అది కూర్చున్న మొక్క కణుపు కనిపించేలా, రెండు ఫొటోలు పంపితే సందేహంలో చాలా భాగం తీరిపోతుంది.

వ్యవసాయ శాఖ వారికి, విశ్వవిద్యాలయాల వారికి కూడా ఈ లేఖ ద్వారా ఒక మాట. గ్రామ వ్యవసాయ సహాయకులకు, తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారులకు ఇచ్చే శిక్షణలో వరి దుబ్బు పరిశీలనతో పాటు గట్టు గడ్డి పరిశీలననూ చేర్చండి. అనుమానం వచ్చిన చోట నోటితో గాలి పీల్చి పురుగును పట్టే చిన్న గొట్టంతో పొడవు రెక్కల పురుగులను పట్టి, వాటిలో మగవి తప్పక ఉండేలా చూసి, 70 శాతం ఆల్కహాలు పోసిన బుడ్డిలో వేసి, మొక్క పేరు, ఊరు, తేదీ పెన్సిలుతో రాసిన కాగితం ముక్కను ఆ బుడ్డిలోనే వేయాలి. సిరాతో రాస్తే ఆల్కహాలులో చెరిగిపోతుంది. అటువంటి నమూనాలను రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థకో, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకో పంపి జాతి నిర్ధారణ చేయించవచ్చు. మన డెల్టా కాలువల అంచుల్లోనూ, తెలంగాణ చెరువుల కింది తడి భూముల్లోనూ గడ్డి మీద ఏ నీలపర్వత జాతులున్నాయో, ఏ నెలల్లో ఎంత ఉన్నాయో, వాటి గుడ్లలో ఎన్ని అనాగ్రస్ పట్టి ఎర్రబడి ఉన్నాయో లెక్కించే పనిని వ్యవసాయ కళాశాలల ఆఖరి సంవత్సరం విద్యార్థులకు అప్పగిస్తే, గ్రామాల్లో వారు గడిపే నెలల్లోనే పూర్తయ్యే పని అది. దీనికి కావలసినది ఒక భూతద్దం, ఒక బ్లేడు, కొన్ని గాజు బుడ్లు. రైతుకు పంచే కరదీపికల్లో సుడిదోమ ఫొటో పక్కనే లీర్సియా కణుపు ఫొటోను, ఎర్రబడిన గుడ్ల ఫొటోను కూడా అచ్చు వేయించాలని, వచ్చే సార్వా నారుమళ్ల నాటికే ఆ పని జరగాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా